ఇంజన్ ఇంజనే కదా బావా!

చికాగో శివార్లలో మా బావమరిది గ్యారేజీలో విమానం కడుతున్నాడు. కట్టుకోనీ, ఎవరికి నొప్పి? రెండో సీటు నాదేనట, అదీ నొప్పి. పైగా దానికి పెట్టేది కారింజను. అదెలా కుదురుతుందిరా అంటే కొన్నాళ్లుగా ఒకటే పాట: "ఇంజన్ ఇంజనే కదా బావా!"

ఆ కారు సామాన్యమైంది కాదు. షెవర్లే కార్వెయిర్. 1965లో రాల్ఫ్ నేడర్ ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ అని పుస్తకం రాసి, మొదటి అధ్యాయంలోనే ఈ బండిని ఉతికి ఆరేశాడు. 1969లో తయారీ ఆగిపోయింది. నేల మీదే నమ్మలేమన్న బండి ఇంజన్ని వెతికి వెతికి తెచ్చి ఆకాశానికెక్కిస్తున్నాడు మావాడు. "నేడర్ తప్పుబట్టింది వెనక సస్పెన్షన్‌ని బావా, ఇంజన్‌ని కాదు" అని నాకే సవరణ. నిజమే, ఒప్పుకోవాలి. ఇక అందుకుంటాడు: ఆరు సిలిండర్లు, గాలికే చల్లబడుతుంది, రేడియేటర్ అక్కర్లేదు, గేర్లు లేకుండా పంకా నేరుగా బిగించొచ్చు, ఫోర్డ్ మోడల్ ఏ ఇంజన్‌తో విమానం ఎగరేసిన మిన్నెసోటా బెర్నార్డ్ పీటెన్‌పోల్ అంతటివాడే 1960ల్లో దీన్ని పెట్టుకున్నాడు... పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇన్ని సుగుణాలు చెప్పడు. పేరయ్య దాచే సంగతి ఒకటుంటుంది కదా, ఇక్కడది క్రాంక్‌షాఫ్టు. చక్రాలు తిప్పడానికి పుట్టిన ఆ కడ్డీ, పంకా గుంజుడు తట్టుకోలేక కొందరికి గాల్లోనే విరిగింది. అందుకే ఇప్పుడు పంకా వైపు ఇంకో బేరింగు చేర్చుకుంటున్నారు.

కారు హైవే మీద తన బలంలో కొంచెమే ఖర్చుపెడుతుంది. విమానం పైకెక్కేప్పుడు మొత్తం పిండుతుంది, ఎక్కాక కూడా గంటల తరబడి ముప్పాతిక వంతు అడుగుతుంది. ఇదంతా చెబితే, "విమానాలకని చేసే కొత్త లైకమింగ్ ఇంజన్ ధర తెలుసా?" అంటాడు. తెలుసు. అందుకే నోరు మూసుకుంటాను.

ఇద్దరం ఒకే రకం ఉద్యోగాలకి ఈ దేశం వచ్చాం. నేను రాసిన ప్రోగ్రాములు ఎక్కడున్నాయో, అసలున్నాయో లేదో నాకే తెలీదు. ఓ రాత్రి వాడు గోళ్లనిండా గ్రీజుతో సిలిండర్ హెడ్ నా చేతిలో పెట్టి "జాగ్రత్త బావా, బరువుంటుంది" అన్నప్పుడు కోపం రాలేదు. అసూయ వేసింది.

అయినా ఎక్కను. ఇంట్లో కట్టిన విమానంలో, ఇది మామూలు విమానాల భద్రతా నిబంధనలకు లోబడి లేదని ప్రయాణికుడికి కనబడేలా రాసిపెట్టాలని ఇక్కడి ప్రభుత్వ నియమం. రెక్కలింకా బిగించలేదు గానీ ఆ స్టిక్కరు మాత్రం వచ్చేసింది. నా సీటు ముందు అంటించి, ఫొటో తీసి మా ఆవిడకి పంపాడు.