నా ఒంటిమీద అంటించిన కాగితాలు

మియాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో సింహద్వారాన్ని నేను, టేకు తలుపుని. గృహప్రవేశం నాడు ఆ ఇంటి అమ్మ నా గడపకు పసుపు రాసి మామిడాకుల తోరణం కట్టింది.

ఆ ఇంటాయన ఉద్యోగం పోయింది. ఇంటి అప్పు వాయిదాలు ఆగి 90 రోజులు దాటగానే బ్యాంకు లెక్కలో అది మొండి బాకీ అయింది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువిచ్చారు. అదీ తీరాక ఒక అధికారి వచ్చి నా మీద స్వాధీన నోటీసు అంటించి, ఫొటో తీసుకుని వెళ్లాడు. ఆ సాయంత్రం కూడా లోపల కుక్కర్ కూత పెట్టింది. దీన్నే సింబాలిక్ పొజెషన్ అంటారు. కాగితం మీద స్వాధీనం బ్యాంకుది, కాపురం వాళ్లది. కొనేవాళ్లు ప్రకటనలో మొదట వెతకాల్సిన మాట ఇదే.

రెండో కాగితం వేలం ప్రకటన. అది పేపర్లో పడిన వారానికి అమ్మ పుట్టింటి నుంచి మొత్తం బాకీకి సరిపడా డబ్బు సర్దుకొచ్చింది. బ్యాంకు తీసుకోలేదు. ఒకప్పుడు అమ్మకం పూర్తయ్యేదాకా బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే వీలుండేది. 2016లో చట్టం మార్చారు. ప్రకటన వెలువడితే ఆ హక్కు పోయినట్టేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కొనేవాళ్లకు అది భరోసా, నిజమే. కానీ ఆ రాత్రి నాకు వీపు ఆనించి కూర్చున్న అమ్మ బరువు నాకు తెలుసు.

ఇప్పుడు వేలం పాటలు ఆన్‌లైన్లోనే. ప్రభుత్వరంగ బ్యాంకుల ఆస్తులు 2025 జనవరి నుంచి బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో ఒకేచోట కనబడుతున్నాయి. ఎక్కడో కూర్చుని, ఫొటో చూసి పాడొచ్చు. వచ్చి నన్ను తట్టింది మాత్రం ఒక్క జంటే. ఆ జంటలో ఆమె ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించింది. సొసైటీ వాళ్లని మెయింటెనెన్స్ బకాయి అడిగింది. ఇంటిపన్ను, కరెంటు బిల్లు చూసింది. 'ఉన్నది ఉన్నట్టు' అమ్మే చోట పాత కరెంటు బాకీ కూడా కొత్తవాళ్ల నెత్తిన పడొచ్చు. రిజర్వు ధర చవకగా కనబడేది ఇవన్నీ కలపకముందే. పాట దక్కాక మర్నాటి పనిదినానికల్లా 25 శాతం, అమ్మకం ఖరారైన 15 రోజుల్లో మిగతా 75 శాతం కట్టాలి. లోన్ సంగతి ముందే తేల్చుకోనివాళ్లు ఇక్కడే కట్టింది పోగొట్టుకుంటారు.

పాట దక్కిన ఆ జంట అంతా కట్టింది. అయినా తాళంచెవి రాలేదు. రుణ వసూళ్ల ట్రిబ్యునల్లో కేసు, ఆ తర్వాత మేజిస్ట్రేటు ఉత్తర్వు, మొత్తం ఏడు నెలలు. చివరికి అడ్వొకేట్ కమిషనర్ పోలీసులతో వచ్చి పంచనామా రాశాడు: మంచాలు రెండు, బీరువా ఒకటి, గ్యాస్ పొయ్యి ఒకటి. కొనుక్కున్నామె మెట్ల దగ్గరే నిలబడిపోయింది. అమ్మ దేవుడి పటాలు దించి, కొంగులో చుట్టుకుని బయటికొచ్చేదాకా ఆమె నా గడప తొక్కలేదు.