మంగళవారం సెలవు

ఈ దేశంలో పెద్ద వార్త ఏది పుట్టినా మంగళవారమే పుడుతుందని నా అనుమానం. మంగళవారం మా షాపుకి సెలవు. పెద్ద నోట్లు రద్దు చేసిన 2016 నవంబరు 8 మంగళవారం. లాక్‌డౌన్ ప్రకటించిన 2020 మార్చి 24 మంగళవారం. 2024 జూన్ 4న ఓట్లు లెక్కపెట్టిందీ మంగళవారమే. అంతెందుకు, న్యూయార్కులో జంట భవనాలు కూలిన 2001 సెప్టెంబరు 11 కూడా అదే వారం. జనం టీవీల ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చున్న ప్రతిసారీ నేను షట్టరు వెనక చీకట్లో ఉన్నాను. ఏదైనా నాకు తెలిసేది బుధవారం పొద్దున్నే.

నేను తెనాలిలో ఒక హెయిర్ కటింగ్ సెలూన్లో కుర్చీని. టేకు చెక్క ఒళ్ళు, రెక్సిన్ సీటు, వెనక పళ్ళ కడ్డీ మీద పైకీ కిందికీ జరిగే తలదిండు. కృష్ణ ‘సింహాసనం’ విడుదలైన 1986లో నన్ను కొన్నారు. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా అది. పైగా కృష్ణ పుట్టిన బుర్రిపాలెం మా పక్క ఊరే. ఆ ఏడంతా షాపులో వేరే మాట లేదు. అద్దం పైన ఆయన ఫోటో అప్పటినుంచీ ఉంది. 2022 నవంబరులో దానికి దండ పడింది.

చిన్నపిల్లలొస్తే నా రెండు చేతుల మీదా అడ్డంగా ఒక చెక్క వేసి దానిమీద కూర్చోబెడతారు. ఆ చెక్కకి ఒక మూల పంటిగాట్లున్నాయి. కొరికినవాడు ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. సంక్రాంతికి వచ్చినప్పుడు తన కొడుకుని అదే చెక్క ఎక్కించి, ఏడవకుండా చేతిలో ఫోను పెడతాడు. వాడు ఏడవడు, తలా ఎత్తడు. బొమ్మలు చూస్తూ గడ్డం గుండెకి ఆనించుకుని కూర్చుంటే ముందు జుట్టు ఎట్లా కత్తిరించాలో మా యజమానికి పాలుపోదు. ఏడ్చే పిల్లాడే నయం అంటాడు. ఏడ్చేవాడు తలెత్తి ఏడుస్తాడు గదా!

ఒకప్పుడు షాపుకి ఒకటే పేపరు వచ్చేది. ఎనిమిది గంటలకల్లా ముక్కలైపోయేది. మొదటి పేజీ ఒకరికి, ఆటల పేజీ ఒకరికి, సినిమా పేజీ ఇంకొకరికి, జిల్లా వార్తలేమో గోడవార బల్ల మీది పెద్దాయనకి. చదివినవాడు పైకి చదివి వినిపించక తప్పదు, పక్కవాడి చేతిలో ఆ ముక్క లేదు మరి. వినిపించింది వాడికి నచ్చేది కాదు. అక్కణ్ణుంచి రగడ మొదలు. 2001లో ఆ బుధవారం ఒకాయన మూడో ప్రపంచ యుద్ధం ఖాయమన్నాడు. ఇంకొకాయన న్యూజెర్సీలో మేనల్లుడికి ఫోను కలవడం లేదని లోపలికీ బయటికీ తిరిగాడు. విమానం నడపడం ఆ హైజాకర్లకి ఎవరు నేర్పారంటే, అమెరికావాడే నేర్పుంటాడని బల్ల మీంచి జవాబు. నిజానికి అంతే జరిగిందని తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం ఎవరికీ ఏమీ సరిగ్గా తెలియదు. అందుకే మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. కటింగ్ అయిపోయినవాళ్ళు కూడా లేవలేదు.

ఇంత రగడలోనూ మా యజమాని అభిప్రాయం ఏమిటో ఎవరికీ అంతుబట్టదు. గొంతు మీద కత్తి ఉండగా అవతలివాడు ఎదురు చెప్పడు. మా యజమాని ఆ అధికారాన్ని ఎన్నడూ వాడుకోలేదు. నా మీద కూర్చున్నది ఏ పార్టీవాడైనా, ఏ హీరో అభిమాని అయినా ఆయన మాట ఒకటే: “అంతేనండి.” తర్వాత వచ్చినవాడు సరిగ్గా దానికి ఎదురు మాటంటే దానికీ “అంతేనండి.” మూడు పార్టీలవాళ్ళూ అతను తమవాడే అనుకుంటారు.

నోట్ల రద్దు మర్నాడు ఆ మాట చాలాసార్లు వాడాల్సొచ్చింది. వచ్చినవాళ్ళ జేబుల్లో ఉన్నవన్నీ ఐదొందలు, వెయ్యిలే. బాకీలు పాత క్యాలెండరు వెనక రాసుకున్నాడు. నల్లధనం చచ్చిందని ఒక కిరాణా కొట్టాయన, ఏమీ చావదు మనమే చస్తామని మా రిటైర్డ్ మేష్టారు. ఇద్దరూ పందెం కట్టుకున్నారు. ఆ వారంలో బ్యాంకు ముందు నిలబడింది మాత్రం ఇద్దరూనూ. రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చాయని 2018లో రిజర్వు బ్యాంకు లెక్క చెప్పింది. ఆ రోజు షాపులో ఎవరూ పందెం ఊసెత్తలేదు. వాదించేటప్పుడు ఉండే ఆవేశం లెక్క తేలేటప్పుడు ఉండదని నేను గమనించిన సంగతి.

లాక్‌డౌన్ గురించి చెప్పడానికేం లేదు. ఆ బుధవారం షట్టరే లేవలేదు. తెరిచాక ఎవరి తువ్వాలు వాళ్ళు తెచ్చుకున్నారు, ఇంట్లో ఎవరు కత్తెర పట్టారో వాళ్ళ తలలే చెప్పాయి. గడ్డాల బేరం అంతకుముందే దెబ్బతింది. 2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చింది, మరుసటేడు ‘కేజీఎఫ్’. నున్నగా గీయించుకునే కుర్రాడు కనబడితే పెళ్ళిచూపులున్నాయేమో అనుకునేవాళ్ళం. లాక్‌డౌన్లో ఇంటింటికీ ట్రిమ్మరొచ్చాక ఆ కాస్తా పోయింది.

ఇక 2024 జూన్ 5, బుధవారం. షట్టరు తీస్తుంటే నాకు ఒకటే ఉబలాటం. ఐదేళ్ళ కిందట 151 సీట్లొచ్చిన పార్టీకి 11 వచ్చాయి. ఇంతకంటే రగడ పడాల్సిన సంగతి ఇంకేముంటుంది? మొదటివాడు కూర్చుంటూనే అన్నాడు, “బాబాయ్, చూశావా, 151లో మధ్యనున్న 5 ఎగిరిపోయింది.” యజమాని నవ్వాడు. రెండోవాడొచ్చాడు. వాడూ అదే జోకు. మూడోవాడూ అదే, మాట కూడా మారలేదు. అందరికీ రాత్రే ఫోనుకొచ్చింది. మా యజమాని ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వాడు, వృత్తిధర్మం. ఓడినవాళ్ళకి ఇంకేదో వచ్చినట్టుంది. వాళ్ళు అది చూసుకుంటూ నోరెత్తలేదు. ఎందుకు ఓడారు, ఎందుకు గెలిచారు అన్న ప్రశ్నే పుట్టలేదు. జవాబులు ముందే ఎవరి జేబులో వాళ్ళకి ఉన్నాయి, పక్కవాణ్ణి అడిగే పనేముంది? మధ్యమధ్య నూట ఇరవై రూపాయలు అందాయని అరిచే క్యూఆర్ కోడ్ డబ్బా ఒక్కటే ఆ పూట షాపులో గట్టిగా మాట్లాడింది.

నేను పాతకాలం మనిషిని, అంటే కుర్చీని. చెవిలో మొగ్గలు పెట్టుకుని కూర్చునే కుర్రాళ్ళంటే నాకు చిరాకే. అయినా వాళ్ళకి అభిప్రాయాలు లేవని నేను ఒప్పుకోను. అదే ఏడాది డిసెంబరు 4, అదీ బుధవారమే, వాళ్ళలో ఒకడు పక్కనున్న హైడ్రాలిక్ కుర్చీలో పుష్పరాజ్ గడ్డం దిద్దించుకుంటున్నాడు. ఆ రాత్రే ‘పుష్ప 2’ ప్రీమియర్. నా మీద మేష్టారు.

“టికెట్టెంత?”

“ఎనిమిదొందలు, పైన జీఎస్టీ తాతగారూ.”

“సినిమాకా, రైలుకా? మొన్న 2021లో పల్లెటూరి హాల్లో ఆఖరి టికెట్టు ఐదు రూపాయలన్నదీ అప్పటి సర్కారు జీవోనే. ఐదుకీ ఎనిమిదొందలకీ మధ్యలో ఈ సర్కార్లకి ఏ అంకే దొరకదా?”

కుర్రాడు చెవిలో మొగ్గ తీశాడు. “వారమాగితే తగ్గుద్దండీ. మొదటిరోజు నేను చూడబోయేది సినిమాని కాదు, హాలుని. మీరు కృష్ణ సినిమాకి బ్లాకులో కొనలేదా?”

“కొన్నా. చొక్కా చిరిగింది కూడా. అయితే అది బ్లాకోడు అమ్మాడు, గవర్నమెంటు కాగితం ఇచ్చి అమ్మించలేదు.”

“ఇప్పుడా బ్లాకోడు లేడుగా. తీసినోళ్ళకే పోతాంది డబ్బు. మంచిదేగా?”

మేష్టారికి ఠక్కున జవాబు తోచలేదు. నాకు కుర్రాడి మాటే సబబనిపించింది, మేష్టారి వీపు నాకు ఆనుకుని ఉంది కాబట్టి ఊరుకున్నాను. బల్ల మీద ఇద్దరు ఫోన్లలోంచి తలెత్తారు. ఇంకొకడు, ఎనిమిదొందలైనా ఫరవాలేదుగానీ ఇంటర్వెల్లో పాప్‌కార్న్ సంగతి తేల్చమన్నాడు.

“ఏమయ్యా, నువ్వు చెప్పు,” అన్నాడు మేష్టారు.

“అంతేనండి,” అన్నాడు మా యజమాని.

“ఎవరిది అంతే? నాదా, వాడిదా?”

“చెప్పు బాబాయ్,” అన్నాడు కుర్రాడూ.

తప్పించుకునే దారి లేదు. దువ్వెన జేబులో పెట్టుకుని అన్నాడు, “నాకెందుకండీ ఆ గొడవ? రెండు నెలలాగితే ఫోన్లోనే వస్తుంది, అప్పుడు చూస్తా.”

“నీలాంటోళ్ళ వల్లే హాళ్ళు మూతపడుతున్నాయి,” అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.