గోదారి గట్టు అడ్మిన్

జులైలో మబ్బు పట్టగానే రైతు నారుమడి వైపు నడుస్తాడు, ఇల్లాలు దండెం మీది బట్టలు లోపలేస్తుంది, అడ్మిన్ గారు ఫోను చార్జింగుకు పెడతారు. పేరు అడక్కండి. భద్రాచలం నుంచి చర్ల దాకా ఏ సెంటర్లో నిలబడి "అడ్మిన్ గారూ!" అని కేకేసినా కనీసం ఇద్దరు తిరిగి చూస్తారు. ఒకాయనది 'గోదావరి వరద సమాచారం' గ్రూపు. అందులోంచి అలిగి వెళ్లిన రెండో ఆయనది 'గోదావరి వరద అసలు సమాచారం'.

కేంద్ర జలసంఘం చెప్పేది ఒక్క ముక్క: భద్రాచలం దగ్గర ఫలానా గంటకు ఇన్ని అడుగులు. 43 అయితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంత పొట్టి వార్త అడ్మిన్ గారి హోదాకు ఆనదు. నీళ్లు 38 దగ్గర ఉండగానే "రాత్రికి 80, షేర్ చేయండి" అని కొడతారు. వెనకాలే వీడియోలు. చైనాలో తెగిన కట్ట, కేరళలో ఎత్తిన గేట్లు, ఏ దేశానివో తెలియని కొట్టుకుపోతున్న కార్లు, అన్నీ మన కరకట్ట పక్కకే వచ్చి చేరతాయి.

"ఆ కారుకు స్టీరింగు ఎడమపక్కనుంది కదా బాబాయ్?" అన్నాడొక కుర్రాడు.

"వరదకు తిరగబడి ఉంటుందిలేరా!"

2018లో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపనివ్వకుండా కట్టడి పెట్టింది. 2020లో బాగా తిరిగిన సందేశాలకైతే ఒక్కటే అంది. అప్పట్నుంచి ఇంట్లో అందరి ఫోన్లూ అడ్మిన్ గారి మంచం మీదే పడుకుంటున్నాయి.

2014లో రాష్ట్రం విడిపోయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలోకి పోయింది. ఆయన గ్రూపుకు మాత్రం సరిహద్దు లేదు. అక్కడి బడికిచ్చిన వాన సెలవు ఇక్కడి పిల్లలకూ పంచేస్తారు. పిల్లల్లో ఆయనకున్న పేరు ఏ ఎమ్మెల్యేకూ లేదు. వేసవిలో వరద లేని లోటు మిర్చి తీరుస్తుంది. ఖమ్మం మార్కెట్లో తేజా రకం ధర చైనా కొనుగోళ్లను బట్టి కదిలే మాట నిజమే. "చైనావాళ్లు కారం మానేశారు" అన్నది ఆయన సొంత కల్పన.

అలాగని ఉత్త కబుర్ల మనిషి కాదు. అర్ధరాత్రి ఆసుపత్రిలో ఎవరికైనా రక్తం కావాలంటే ఫలానా గ్రూపు మనిషిని లేపి పంపేదీ ఆయనే. కానీ ఆయన కబురు మలేషియాలో ఉన్న మేనల్లుడికి అందినంత తేలిగ్గా సిగ్నల్ లేని అడవిలోపలి గూడేనికి అందదు. ఉపాధి కూలీల హాజరు ఫొటో 2023 జనవరి నుంచి యాప్‌లోనే ఎక్కించాలి. సిగ్నల్ అందనిచోట మేటు దానికోసం గుట్ట ఎక్కాల్సిందే. అబద్ధానికి ఇన్ని టవర్లున్న లోకంలో కూలీ హాజరుకు ఒక్కటి కరువు.

2022 జులైలో గోదారి నిజంగానే 71.3 అడుగులకు లేచింది. 1986 నాటి 75.6 తర్వాత అంతటి వరద లేదు. "నే చెప్పలా?" అన్నారు అడ్మిన్ గారు. ఏటా 80 అనేవాడికి ఏదో ఒక ఏడు 71 రాకుండా పోతుందా! చిక్కల్లా, ఏటా ఆ 80 విని నవ్వుకోవడం మరిగినవాళ్లు నిజం హెచ్చరిక వచ్చినప్పుడూ మూట కట్టకుండా నవ్వుతూ కూర్చోవడమే. నాన్నా పులి కథ మనకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆయన్ని గ్రూపులోంచి తీసెయ్యడం మనవల్ల కాదు, అడ్మిన్ ఆయనే. మన చేతిలో ఉన్నది ఒక్కటే. గ్రూపులో ఎన్ని అడుగులొచ్చినా ముందుకు పంపకండి. 43 దాటిందని అధికారులు చెబితే మాత్రం ఫోను పక్కన పెట్టి సామాను సర్దుకోండి.