147 చుక్కలు

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి. ఒకటి నుంచి ఆరు దాకా కూడితే 21 అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటి నేను నా కంట్లో వేసుకోవాల్సిన చుక్కల దగ్గర లెక్క తప్పానంటే మీరు నమ్మకపోవచ్చు. మా ఆవిడ మాత్రం వెంటనే నమ్మేసింది.

కుడికంటికి శుక్లం ఆపరేషనయింది. మర్నాడు కట్టు విప్పగానే ఎదురింటి డాబా మీద ఆరేసిన చీర అంచు దారాలతో సహా కనబడింది. (ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.) చీటీలో ప్రెడ్నిసొలోన్ చుక్కలు రాశారు. మొదటి వారం రోజుకి ఆరుసార్లు, రెండో వారం ఐదు, అలా తగ్గిస్తూ ఆరో వారానికి ఒక్కటి. 21ని ఏడుతో గుణిస్తే 147 చుక్కలని అక్కడికక్కడే లెక్క కట్టేశాను. మన ప్రతాపం అంతవరకే.

పదో రోజు రాత్రి, కన్ను బాగానే ఉంది కదా, ఆ మందు డబ్బాలో మడతపెట్టిన కాగితం చదువుదామని బుద్ధి పుట్టింది. చీమకాళ్ళంత అక్షరాలు. దగ్గరచూపుకి అద్దాలు ఇంకా రాలేదు, అయినా భూతద్దం పెట్టుకుని మరీ చదివాను. స్టెరాయిడ్! ఆ మాటతో జిమ్ముల్లో కండలు పెంచే కుర్రాళ్ళూ, మాత్రలు మింగి మొహం పూర్ణం బూరెలా ఉబ్బిన పక్కింటాయనా కళ్ళముందు కదిలారు. కింద ఇంకా ఘోరం: ఎక్కువకాలం వాడితే శుక్లాలు రావచ్చట. శుక్లం తీయించుకుని మళ్ళీ శుక్లం కోసం మందు వేసుకోవడమా! చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. సీసా తీసుకెళ్ళి వినాయకుడి పటం వెనక పెట్టేశాను.

అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద ఉపన్యాసం. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు కంట్లో మొదటి ప్లాస్టిక్ కటకం పెట్టాడనీ, యుద్ధంలో విమానం అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో దిగినా కన్ను వాయకపోవడం చూసి ఆ ప్లాస్టిక్‌నే ఎంచుకున్నాడనీ చెప్పి, "ప్లాస్టిక్ కంటికి పడుతుంటే ఇక వాపు మందెందుకండీ?" అని తేల్చేవాణ్ణి. అందరూ తలలూపారు. తల ఊపేవాడు దొరికితే మనలో ఎవరికైనా నోరాగుతుందా చెప్పండి.

పదహారో రోజు లేచేసరికి కన్ను మందారం. వెలుతురు చూస్తే సూదులు. చీర అంచు దేవుడెరుగు, డాబాయే మసక. ఆటో, ఆసుపత్రి, గడ్డం ఆనించే ఆ మిషను, అవతల డాక్టరమ్మ, మా బళ్ళో నా దగ్గర చదివిన పిల్లే. "చుక్కలు వేస్తున్నారా మాస్టారూ?" అంది, "ఒక్కటీ తప్పలేదమ్మా" అన్నాను, "సీసా ఏదీ?" అంది, మా ఆవిడ సంచీలోంచి తీసిచ్చింది, ఆ పిల్ల వెలుతురుకి పెట్టి చూసింది. ఈపాటికి అడుగంటాల్సిన సీసాలో సగానికి దగ్గరగా మందు అలాగే ఉంది. అడుగున సున్నంలా తెల్లటి మడ్డి!

"ఊపకుండా వేశారు కూడానా? మందంతా అడుగునే ఉంది. మీరు వేసుకున్నది మజ్జిగ మీద తేట."

శుక్లం వస్తుందని కాగితంలో రాశారన్నాను, చివరి ఆశగా. "శుక్లం వచ్చే కటకాన్నే తీసేశాం కదండీ, ప్లాస్టిక్‌కి ఎక్కడొస్తుంది? వాపు ప్లాస్టిక్ వల్ల కాదు, కోత వల్ల. భయపడాల్సింది కంట్లో ఒత్తిడికి, కొందరికి ఈ మందుతో పెరుగుతుంది. అది చూడ్డానికే రమ్మనేది. ఉన్నట్టుండి మానేస్తే మాత్రం వాపు ఇలాగే తిరగబడుతుంది." కాస్త ఆగి అంది: "మధ్యలో స్టెప్పులు వదిలేస్తే మార్కులు కోసేవారు కదా మాస్టారూ మీరు."

నేను వేసినవి 57. వదిలేసిన స్టెప్పులు 90.

ఇప్పుడు మెలకువగా ఉన్నంతసేపూ గంటకో చుక్క. తగ్గాక మళ్ళీ మెట్టుమెట్టుగా దిగాలి. సీసా మా ఆవిడ అధీనంలో ఉంది, కాఫీ డికాక్షన్ కలిపినంత శ్రద్ధగా ఊపుతోంది. గట్టు మీద నా మాట విని ఎవరైనా చుక్కలు మానేసి ఉంటే, దయచేసి ఇవాళే మీ డాక్టరుకి చూపించుకోండి. నన్ను తిట్టడం తర్వాతైనా తిట్టొచ్చు, రోజూ అక్కడే ఉంటాను, నల్లకళ్ళద్దాలతో.