గుండెకు అయిదు మార్కులు

మా భిలాయిలో రక్తం రెండు రంగుల్లో దొరుకుతుంది. ఎరుపు ఒకటి, నీలం ఒకటి. ఈ సంగతి కనిపెట్టింది డాక్టర్లు కాదు, సివిక్ సెంటర్లో స్కెచ్ పెన్నులమ్మే కొట్టువాడు. ఏడో తరగతి చదివే మా మనవడు ఈ సిద్ధాంతాన్ని ఒకసారి ధిక్కరించాడు. నీలం పెన్ను ఎండిపోయిందని సిరలకు కూడా ఎరుపే పూశాడు. అర మార్కు కోసేశారు. మర్నాడు సైకిలు మీంచి పడ్డాడు, మోకాలు చెక్కుకుపోయింది. మా ఆవిడ పసుపు తెచ్చేలోగా గాయాన్ని తేరిపార చూసి, "తాతయ్యా, నీలం రాలేదేం?" అన్నాడు. వాడు ఏడవలేదు. నెత్తురు సిలబస్ ప్రకారం రాలేదని కంగారుపడ్డాడంతే.

మోకాలిని నమ్మాలా, నోటుబుక్కును నమ్మాలా? వాడు నోటుబుక్కునే నమ్మాడు. తెలివైనవాడు. మార్కులు వేసేది మోకాలు కాదు కదా.

సిరల్లో పారేదీ ఎర్ర నెత్తురే. ఆక్సిజన్ తగ్గినందువల్ల కాస్త ముదురుగా ఉంటుంది, అంతే. నీలం అనేది బొమ్మ గీసేవాళ్లు సౌకర్యం కోసం పెట్టుకున్న గుర్తు. రైల్వే మ్యాపులో నదికి నీలం వేస్తే శివనాథ్ నీళ్లు నీలంగా పారవు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ ఆ అర నిమిషం టైంటేబుల్లో లేదు. "గుండె పాఠం ఎన్నాళ్లు చెప్పార్రా?" అంటే "రెండు పీరియడ్లు తాతయ్యా. ఒకటి డయాగ్రం, ఒకటి క్వశ్చన్ ఆన్సర్" అన్నాడు. పుట్టింది మొదలు పోయేదాకా ఒక్క పూట సెలవడగని అవయవానికి మన బడులు ఇచ్చిన గౌరవం రెండు పీరియడ్లు, అయిదు మార్కులు.

పుస్తకం తప్పు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ వారి పాత ఏడో తరగతి సైన్సు పుస్తకంలో ఈ పాఠం చక్కగానే ఉంది. మణికట్టు మీద వేళ్లుంచి నాడి లెక్కపెట్టమన్నారు. చిన్న గరాటుకు రబ్బరు గొట్టం తొడిగి, మూతికి బెలూన్ బిగించి, స్నేహితుడి గుండె చప్పుడు వినమన్నారు. రూపాయి లేని పని, జన్మలో మరిచిపోని పని. కానీ మా వాడి బడిలో "యాక్టివిటీ ఇంట్లో చేసుకోండి" అన్నారట. ఇంట్లో వాళ్లమ్మ "ట్యూషన్లో చేసుకో" అంది. ట్యూషన్లో "అది పరీక్షకు రాదు" అన్నారు. బాధ్యత కర్ణికలోంచి జఠరికకు, జఠరికలోంచి ఊపిరితిత్తులకు తిరిగినట్టు తిరిగి మళ్లీ బడికే వచ్చింది. బడి దాన్ని "ప్రాజెక్టు"గా మార్చింది. ఆ ప్రాజెక్టును స్టేషనరీ కొట్టువాడు థర్మోకోల్ గుండెగా మార్చి మా అబ్బాయికి అమ్మాడు. గుండె డబ్బుకు దొరకదని పెద్దలంటారు. దొరుకుతుంది. ప్లాస్టిక్ కవరుతో సహా ఇస్తారు.

ట్యూషన్ మాట వచ్చింది కనుక ఆ ముచ్చట కూడా చెప్పాలి. మా ఊళ్లో ఆరో తరగతి పిల్లలకు "ఫౌండేషన్ కోర్సు" అని ఒకటుంది. ఫౌండేషన్ అంటే మా తరానికి బ్లాస్ట్ ఫర్నేస్ కింద పోసే కాంక్రీటు. 1955లో ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరితే, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి మొదటి ఫర్నేస్ ప్రారంభించేదాకా ఆ పునాదుల కోసం జనం చెమటోడ్చారు. ఇప్పటి పునాదికి అంత శ్రమ అక్కర్లేదు, ఫీజు ముందే కడితే చాలు. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి కూచోబెట్టి, "కింది వాటిలో సరికానిది ఏది?" అంటారు. సరికానిది ఏదో వాడికి తెలుసు. చెబితే మార్కులు రావని కూడా తెలుసు.

ఇక భాష. బడి ఇంగ్లీషు మీడియం, టీచరు వివరణ హిందీలో, ఇల్లు శ్రీకాకుళం. మా వాడు గట్టిగా వల్లెవేస్తున్నాడు: "ఊపర్ వాలా అలింద్, నీచే వాలా నిలయ్." మా ఆవిడ వంటింట్లోంచి, "ఏటిరా ఆ నిలయం? ఎవల ఇల్లది? అద్దెకా, సొంతమా?" అంది. నిలయ్ అంటే జఠరికే అని చెప్పాను. "జఠరమంటే పొట్ట కదేటి, గుండెలోకి పొట్ట ఎలా ఒచ్చింది?" అని రెండో ప్రశ్న వేసింది. నిజానికి ఆ ఇంట్లో ఆ రోజు శాస్త్రీయంగా ఆలోచించింది ఆవిడొక్కతే. లాటిన్ వాళ్లు గుండె పై గదుల్ని చిన్న చెవులన్నారు, కింది గదుల్ని చిన్న పొట్టలన్నారు. మన పండితులు అదే కర్ణిక, జఠరిక చేశారు. చెవి, పొట్ట అని చెబితే పిల్లవాడు నవ్వుకుని జన్మంతా గుర్తుపెట్టుకుంటాడు. చెప్పం. నవ్వితే పాఠం పలచబడుతుందని మనకో భయం.

విలియం హార్వీ పేరు మా వాడికి వచ్చు. పుట్టింది 1578, పోయింది 1657. తడుముకోకుండా చెప్పాడు. ఆయనేం చేశాడ్రా అంటే, "రక్తప్రసరణ కనిపెట్టాడు" అన్నాడు. ఎలా అంటే, గోడ కేసి చూశాడు. హార్వీకి ముందు పధ్నాలుగు వందల ఏళ్లు వైద్యులు గాలెన్ మాటే వేదమన్నారు. తిన్న తిండితో కాలేయం నెత్తురు తయారుచేస్తుంది, ఒళ్లు దాన్ని వాడేసుకుంటుంది, మళ్లీ కొత్తది తయారవుతుంది అని. హార్వీ చేసిందల్లా ఒక గుణకారం. ఒక్కో దెబ్బకు గుండె ఎంత తోస్తుంది, ఎన్ని దెబ్బలు కొడుతుంది. ఇవాళ్టి లెక్కలో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 దెబ్బలు. అంటే నిమిషానికి దగ్గర దగ్గర 5 లీటర్లు, గంటకు 300, రోజుకు 7,000 లీటర్లు. ఇంత నెత్తురు రోజూ కొత్తగా పుట్టాలంటే మనిషి ఎంత తినాలి? మా ఊరి పెళ్లి భోజనాలన్నీ ఒక్కడికే పెట్టినా చాలదు. కనుక ఉన్న అయిదు లీటర్లే తిరిగి తిరిగి రావాలి. 1628లో పుస్తకం అచ్చువేసి ఆయన చెప్పిందిదే. ధమనుల్లోంచి సిరల్లోకి నెత్తురు ఏ దారిన వెళుతుందో మాత్రం ఆయన కళ్లారా చూడలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, మాల్పిగీ కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికల్ని సూక్ష్మదర్శినితో చూశాడు. ప్రపంచ వైద్యాన్ని తలకిందులు చేసిన లెక్క ఏడో తరగతి గుణకారమే. దాన్ని ఏడో తరగతి పిల్లలకు చూపించకుండా పుట్టిన తేదీ బట్టీ పట్టించగలగడం మామూలు నైపుణ్యం కాదు.

ఇంతవరకూ ఏ ఊళ్లోనైనా జరిగేదే. భిలాయికి ప్రత్యేకమైన పాపం వేరే ఉంది.

ఈ ఊరు ఇనుము మీద పుట్టింది. దల్లీ రాజహరా కొండల నుంచి రైలు పెట్టెల్లో వచ్చే ఎర్రరాయి పేరు హెమటైట్. హైమా అంటే గ్రీకులో నెత్తురు. పొడి చేస్తే నెత్తుటి రంగులో ఉంటుందని ఆ పేరు. మన రక్తాన్ని ఎర్రగా ఉంచే హిమోగ్లోబిన్‌కూ పేరు ఆ మాటలోంచే వచ్చింది, దాని నడుమ కూచున్నదీ ఇనుమే. పెద్దమనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు, ఒక చిన్న మేకుకు సరిపడా. 260 మీటర్ల రైలు పట్టా తయారుచేసే ఊరి పిల్లవాడికి, "నీ ఒంట్లో కూడా ఒక మేకుందిరా, అదే నీకు ఊపిరి మోస్తోంది" అని ఒక్కరూ చెప్పలేదు. చెబితే వాడు ఫర్నేస్ పొగగొట్టాన్ని చూసే చూపు మారిపోయేది.

ఫర్నేస్‌లో ఏం జరుగుతుంది? కోక్ మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ఎర్రరాయిలోని ఆక్సిజన్‌ను లాక్కుపోతుంది, ఇనుము మిగులుతుంది. ఆ గ్యాసే మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళితే హిమోగ్లోబిన్‌లోని ఇనుముకు అతుక్కుంటుంది, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా. బస్సులో రుమాలు వేసి సీటు ఆపుకున్నవాడిలా కూచుంటుంది, ఓ పట్టాన లేవదు. రంగు లేదు, వాసన లేదు. గుండె మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఆక్సిజన్ లేని నెత్తురును నమ్మకంగా మెదడుకు పంపిస్తూ.

2014 జూన్ 12న ప్లాంటులో పంప్ హౌస్ దగ్గర నీటి ఒత్తిడి పడిపోయి ఈ గ్యాసే బయటికొచ్చింది. ఆరుగురు పోయారు. వాళ్లలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. గ్యాసు హోదా అడగదు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైనులో మంటలు లేచి పదిమందికి పైగా చనిపోయారు. ఆ రెండు రోజులూ సెక్టార్ 9 ఆసుపత్రి వైపు పరుగెత్తిన కుటుంబాల పిల్లలు ఈ ఊరి బడుల్లోనే చదువుకున్నారు. రక్తప్రసరణ పాఠంలో కార్బన్ మోనాక్సైడ్ ఊసు ఎందుకు లేదని నేనొకసారి పేరెంట్స్ మీటింగులో అడిగాను. "అది కెమిస్ట్రీ సార్, ఇది బయాలజీ" అన్నారు. నిజమే. మనిషి కెమిస్ట్రీలో పోయి బయాలజీలో శవమవుతాడు. రెండు సబ్జెక్టులకూ రెండు వేర్వేరు నోటుబుక్కులు.

నేను పంపుల మీద బతికినవాణ్ణి. వెనక్కి పారకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ఎంత విలువైనదో నాకు తెలుసు. గుండెలో అలాంటివి నాలుగున్నాయి. మనం వినే "లబ్ డబ్" ఆ తలుపులు మూసుకునే చప్పుడే. మా ఊళ్లోని ఖుర్సీపార్ తెలుగు ఇళ్లలో ఏ తలుపు తట్టినా పంపు, వాల్వు, ప్రెజరు గురించి గంటసేపు చెప్పగల మనిషి ఒకరు లుంగీలో కూచుని కనిపిస్తాడు. అరచేతి వెనక సిరను ఒక వేలితో నొక్కి, ఇంకో వేలితో నెత్తుర్ని మోచేతి వైపు నెట్టి, "చూడు, ఇంక వెనక్కి రాదు, లోపల వాల్వుంది" అని చూపించగలడు. హార్వీ కూడా అలాగే చూపించాడు. అలాంటి తండ్రిని బడికి పిలుస్తారు. ఫీజు బాకీ ఉంటే పిలుస్తారు.

మా ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ మాట వినని వీధి ఉండదు. హిమోగ్లోబిన్ గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది, పిల్లలు నొప్పితో మెలికలు తిరుగుతారు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ముప్పు. 2047 నాటికి దీన్ని తుడిచేయాలని 2023 జూలై 1న షహడోల్‌లో జాతీయ మిషన్ మొదలుపెట్టారు. తరగతిలో చెప్పడానికి మాత్రం కుదరదు, ఎందుకంటే అది "హైయ్యర్ క్లాసెస్"లో వస్తుంది. జబ్బు మాత్రం ఏ తరగతీ చూడకుండా చంటిపిల్లలకే వస్తుంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క తేల్చింది. సర్కారు బడుల్లో పెద్దపిల్లలకు వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర నీలిరంగుదే. ఎందుకిస్తున్నారో చెప్పరు కనుక పిల్లలు కిటికీలోంచి విసిరేస్తారు. ఇనుము వెళ్లి ఇనుప ఊరి మట్టిలో కలుస్తుంది.

టీచర్లను తిట్టాలని నాకు లేదు. అరవై మంది పిల్లలు, ఎన్నికల డ్యూటీలు, నెలాఖరుకు ముగించాల్సిన పోర్షను. వాళ్ల బీపీ చూస్తే రక్తప్రసరణ పాఠానికి వాళ్లే మంచి ఉదాహరణ. కానీ ఒక్క గరాటు, ఒక్క బెలూన్, ఒక్క పీరియడు. పక్కవాడి ఛాతీ మీద గరాటు పెట్టి మొదటిసారి ఆ చప్పుడు విన్న పిల్లవాడి మొహం చూశారా? నేను చూశాను. మొన్న ఆదివారం మా వాడితో నా ఛాతీ మీద పెట్టించాను. చాలాసేపు విన్నాడు. "తాతయ్యా, ఇది ఎప్పుడూ ఆగదా?" అన్నాడు. వాళ్ల సిలబస్‌లో లేని మొదటి ప్రశ్న అది.

యూనిట్ టెస్టులో మా వాడికి గుండెకు అయిదుకు నాలుగున్నర వచ్చాయి. వచ్చే వారం మూత్రపిండాలు. పసుపు స్కెచ్ పెన్ను తెచ్చుకోమన్నారు.