మా రోజుల్లో ఊపిరికి ఫీజు లేదు

మా రోజుల్లో మైపాడు చుట్టుపక్కల పాళేల్లో మనసు బాగాలేదని ఎవరూ అనేవాళ్లు కాదు. గుండెదడ అనేవాళ్లు. కడుపులో మంట, ఒళ్లంతా లాగేస్తంది, మెడ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంది అనేవాళ్లు. సముద్రంలో వేటకు పోయినోడు తిరిగి రాకపోతే ఆరు నెలలకు ఆ ఇంటి ఆడమనిషికి మోకాళ్లు పట్టేసేవి. ఆరెంపీ వచ్చి సూదేసేవాడు. తగ్గకపోతే గంగమ్మకు మొక్కు. అదీ పారకపోతే కసుమూరు మస్తాన్‌వలీ దర్గాకో, ఆత్మకూరు పక్కనున్న ఏఎస్ పేటకో ఇంటిల్లిపాదీ మూటాముల్లె సర్దుకుని బయల్దేరేవాళ్లు. హిందువులా, ముస్లింలా అని ఎవరూ అడిగింది లేదు. అక్కడే వండుకుని, అక్కడే పడుకుని, రోగి పక్కనే వారాలు గడిపేవాళ్లు.

ఇప్పుడు నెల్లూరులో ఏ వీధిలో చూసినా ఒక బోర్డు. హోలిస్టిక్, వెల్‌నెస్, మైండ్-బాడీ. లోపల ఏసీ, గోడకు బుద్ధుడి బొమ్మ, గంటకు ఇంతని ఫీజు. గంటంటే యాభై నిమిషాలే. ఇంటివాళ్లు బయట కుర్చీల్లో సెల్‌ఫోన్లు నొక్కుకుంటూ కూర్చోవాలి.

మా తమ్ముడి మనవరాలూ ఈ వృత్తిలోనే ఉంది. సైకాలజీలో పీజీ చేసి, చెన్నైలో కొన్నాళ్లు పనిచేసి వచ్చింది. మొన్న పండక్కి వచ్చినప్పుడు అడిగేశాను.

“ఏందిమ్మే, అంత చదువు చదివి ఆఖరికి ఊపిరి వదలడం నేర్పిస్తన్నావంటనే?”

“నువ్వు వదలడం లేదు తాతా, బిగబట్టుకుంటన్నావు. పేపరు చదివేటప్పుడు చూసుకో.”

ఆ పేపర్లో రొయ్యల మీద అమెరికా వేసిన సుంకం సంగతి ఉంది. గుంటలున్నోడు ఎవడు ఊపిరి వదులుతాడు!

ఆ పిల్ల మొదట నేర్చుకున్నది మాటల వైద్యం. ఏ ఆలోచన వచ్చింది, అప్పుడు దిగులు నూటికి ఎంత అని రోగి చేత పట్టిక రాయించడం. ఒకసారి మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకున్న ఒక పాళెం మనిషి వచ్చిందట. ఊరూ పేరూ నాకు చెప్పలేదు. చెప్పకూడదంట. ఈ పద్ధతి మాత్రం నాకు నచ్చింది. మా కాలంలో మంత్రగాడి చెవిన వేసిన మాట సాయంత్రానికల్లా చేపల మార్కెట్లో వినపడేది. ఆ మనిషి పట్టిక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంట్లో దోపుకుందట. అడిగినదానికల్లా “ఏం లేదమ్మా, కాళ్లు లాగుతున్నాయి” అనే జవాబు. అప్పుడు మా పిల్ల ప్రశ్నలు మానేసి మనిషిని చూసింది. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోతోంది. కాలివేళ్లు నేలను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మడమలు నేలకు ఆనించమంది. పీల్చిన దానికంటే నెమ్మదిగా వదలమంది. తానూ పక్కన కూర్చుని వదిలింది. మూడో వారమో నాలుగో వారమో, “ఆ పొద్దు ఆయన అన్నం తినకుండా పోయినాడు” అని ఆ మనిషి నోరు తెరిచిందట.

అక్కణ్ణించే మా పిల్ల దారి మారింది. మాట రావాలంటే ముందు ఒళ్లు వదులు కావాలంటుంది. ఊపిరి నిదానంగా వదిలితే వేగస్ అనే నరం గుండె వేగాన్ని తగ్గిస్తుందట. అమెరికాలో జేకబ్సన్ అనే డాక్టరు కండరాన్ని బిగించి వదిలించే పద్ధతిని 1920ల్లోనే తయారుచేశాడు. 1979లో కబాట్-జిన్ అనే ఆయన బౌద్ధుల ధ్యానాన్ని, మన యోగాన్ని కలిపి, మతం తీసి పక్కనబెట్టి, మసాచుసెట్స్ ఆస్పత్రిలో నొప్పుల రోగులకు నేర్పాడు. మన సరుకు అక్కణ్ణించి తిరిగొచ్చేసరికి ఫీజుతో వచ్చింది.

మన రోగికి ఏది పనికొస్తుందో మన డాక్టర్లకు తెలియక కాదు. అమృత్‌సర్‌లో విద్యాసాగర్ అనే డాక్టరు 1950ల్లోనే ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగితోపాటు ఇంటివాళ్లనూ ఉంచుకున్నాడు. బెంగళూరులో ఎన్.సి. సూర్య మరొకరితో కలిసి 1964లో ఒక వ్యాసం రాశాడు. పడమటి మాటల వైద్యం మన రోగికి ఉన్నదున్నట్టుగా అతకదన్నది అందులో సారం. ఆ సూర్యే తర్వాత ఉద్యోగం వదిలి పుదుచ్చేరిలో అరవిందాశ్రమం చేరాడు. ఇంత జరిగినా ఇంటివాళ్లకు ఇంకా బయట కుర్చీయే.

అట్లాగని మా రోజులన్నీ బంగారమని నేననను. వేపమండలతో ఒళ్లు వాచేలా బాదడం చూశాను, కాళ్లకు గొలుసులు చూశాను. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మనోరోగులను ఉంచిన పాక అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. గొలుసు వేయడం నిషేధమని 2017 మానసిక ఆరోగ్య చట్టంలో రాసుకోడానికి మనకు అన్నేళ్లు పట్టింది. కాబట్టి పాతదాన్ని పాతదని నెత్తిన పెట్టుకోను.

నా గొణుగుడంతా ఆ బోర్డుల మీదే. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే పునరావాస మండలిలో, అదే ఆర్‌సీఐలో, రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘హోలిస్టిక్’ అని రాసుకోడానికి పెయింటరు ఉంటే చాలు. రెండు రోజుల కోర్సు చేసి, మూడో రోజు మాత్రలు మానేయమని చెప్పేవాళ్లున్నారు. దడ అని ఎవరొచ్చినా మా పిల్ల ముందు థైరాయిడ్, రక్తం పరీక్షలకు పంపుతుంది. చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయంటే మానసిక వైద్యుడి దగ్గరికి పంపి, మాత్రలు మానొద్దని మరీ మరీ చెబుతుంది. ఒళ్లూ మనసూ ఒకటే అన్నవాళ్లు చేయాల్సిన పని ఇదీ.

అదీగాక, ఈ బోర్డులన్నీ నెల్లూరులోనే ఎందుకు? చేపలు ఎండబెట్టుకునే మనిషి ఓ పూట కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని, యాభై నిమిషాల కోసం అంత దూరం పోతుందా? మైపాడులో, కోడూరులో, జువ్వలదిన్నెలో వారానికో పూట ఇట్లాంటి పిల్లను ఒకరిని కూర్చోబెట్టమని అధికారుల్ని అడుగుతున్నాను. అందాకా, ఇంట్లో ఎవరైనా కాళ్లు లాగుతున్నాయంటూ నెలల తరబడి నిద్రపోకుండా ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అని 2022 అక్టోబరులో పెట్టారు. పైసా తీసుకోరు, రాత్రైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.