ఒక్క పంట కూడా ఆగలేదు

మా నాన్నకి తెనాలి దగ్గర ఎరువుల కొట్టు ఉండేది. గల్లాపెట్టె పైన 'నేడు నగదు - రేపు అరువు' అని రాసిన రేకు వేలాడేది గానీ, దాన్ని నాన్నతో సహా ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. యూరియా, డీఏపీ, పురుగుమందులు, అన్నీ అరువు మీదే వెళ్లేవి. పంట ఇంటికొచ్చాక బాకీ తీరేది. ఆ కొట్లో ఎర్ర అట్ట ఖాతా పుస్తకం పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి అమెరికా వెళ్లి, అరువు అడగడంలో చేయగలిగిన తప్పులన్నీ నాలుగు నెలల్లోపే చేసి చూపించాను. ఒక్క తప్పు కూడా వదల్లేదు.

2013 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి డాలస్ దగ్గర దిగాను. క్యాంపస్ కేఫెటీరియాలో గిన్నెలు కడిగే పని దొరికింది. వారానికి 20 గంటలు, గంటకు 8 డాలర్లు. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో అంతకు మించి చెయ్యకూడదు. ఆ ఉద్యోగం కాగితం చూపిస్తేనే సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది. నంబరు చేతికి రాగానే సీనియర్లు చెప్పిన మొదటి మాట, "కార్డు తీసుకో మామా, హిస్టరీ మొదలవ్వాలి."

క్రెడిట్ హిస్టరీ లేనివాడికి మామూలు క్రెడిట్ కార్డు దొరకడం కష్టం. ఇండియాలో మన సిబిల్ స్కోరు ఎంత గొప్పదైనా అప్పట్లో అది సముద్రం దాటేది కాదు. అక్టోబరు మొదటివారంలో 300 డాలర్లు డిపాజిట్ కట్టించుకుని, 300 డాలర్ల లిమిట్‌తో ఒక కార్డిచ్చారు. సెక్యూర్డ్ కార్డంటారు. మన బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు లాంటిదే. నా డబ్బు వాళ్ల దగ్గర తాకట్టు పెట్టి, అంతే డబ్బు వాళ్ల దగ్గరే అరువు పుచ్చుకోవడమన్నమాట. ఈ ఏర్పాటులో ఏదో అవమానం ఉందని రెండోవారానికే నాకు తోచింది.

తోచడానికి కారణం మా రూమ్మేటు. నిజామాబాద్ కుర్రాడు. అతనికి డిపాజిట్ లేకుండా స్టూడెంట్ కార్డు వచ్చింది, వెయ్యి డాలర్ల లిమిట్‌తో. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే కేఫెటీరియా, ఒకే గిన్నెలు. అతను వెయ్యి డాలర్ల మనిషి, నేను మూడు వందల మనిషిని. అతను ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. నేనే రోజూ అనుకున్నాను.

అపార్ట్‌మెంట్లో నలుగురం. నెలకోసారి ఇండియన్ స్టోరుకి వెళ్లి బియ్యం, కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి, ఫ్రోజెన్ పరోటాలు తెచ్చుకునేవాళ్లం. నలుగురి సామానూ నా కార్డు మీదే గీకేవాణ్ణి. వాడినదాంట్లో ఒక శాతం వెనక్కి వస్తుందని ఆశ. నెలంతా కలిపితే మూడు డాలర్లు కూడా కాదు. మిగతా ముగ్గురూ తమ వాటా నాకు నగదుగా ఇవ్వాలి. ఇద్దరు ఇచ్చేవాళ్లు.

నెల తిరిగేసరికి బిల్లు 288 డాలర్లు. గడువు తేదీకి ఒక రోజు ముందే సెంటు మిగల్చకుండా కట్టేసేవాణ్ణి. వడ్డీ ఒక్క సెంటు కూడా పడలేదు. నన్ను నేను హరిశ్చంద్రుడి వంశంలో కలిపేసుకున్నాను.

నాకు తెలియని విషయం ఒకటుంది. బిల్లు తయారయ్యే తేదీ వేరు, కట్టాల్సిన గడువు తేదీ వేరు. రెంటికీ మధ్య మూడు వారాలుంటాయి. మామూలుగా ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోలకూ వెళ్లేది బిల్లు తయారైన రోజు ఉన్న బాకీ. మూడు వారాల తర్వాత నేను ఎంత నిజాయితీగా కట్టానో ఆ అంకెలో కనపడదు. వాళ్ల పుస్తకంలో నేను ప్రతినెలా 300కి 288 వాడేసి, పీకల దాకా మునిగి ఉన్న మనిషిని. అప్పిచ్చేవాళ్లు చూసే ఫికో స్కోరులో టైముకి కట్టడానికి 35 శాతం బరువుంటే, ఎంత బాకీ ఉన్నామన్నదానికి 30 శాతం ఉంటుంది. మొదటిదాంట్లో నూటికి నూరు తెచ్చుకుంటూ, రెండోదాంట్లో నెలనెలా తప్పుతూ వచ్చాను.

సరే, డిసెంబరు చివర్లో, కార్డుకి మూడు నెలలు కూడా నిండకముందే, ఒక రాత్రి వెబ్‌సైటులోకి వెళ్లి లిమిట్ పెంచమని అర్జీ పెట్టాను. మూడే గళ్లు. ఏడాది ఆదాయం, నెల అద్దె, ఎంత లిమిట్ కావాలి. మూడోదాంట్లో 5,000 అని కొట్టాను. ఎందుకు ఐదు వేలంటే, నిజామాబాద్ అతనికి ఐదింతలు ఉండాలని. అంతకు మించి లెక్కేమీ లేదు.

ఆదాయం దగ్గర ఆగాను. గిన్నెలు కడిగితే వచ్చేది రాస్తే ఐదు వేలు ఇవ్వరని నాకూ తెలుసు. అప్పుడు బల్ల మీద ఐ-20 కనపడింది. అంటే యూనివర్సిటీ వాళ్లిచ్చే కాగితం. చదువుకి మన దగ్గర ఎంత డబ్బుందో అందులో ఉంటుంది. నాదాంట్లో 28,000 డాలర్లని ఉంది. అమెరికా ప్రభుత్వమే నమ్మిన అంకె కదా, వీళ్లు నమ్మరా అనుకుని అదే కొట్టాను. ఆ 28,000 ఏమిటో తెలుసా? ఎకరంన్నర పొలం కుదువ పెట్టి నాన్న తెచ్చిన ఎడ్యుకేషన్ లోను. అందులో ముప్పాతిక వంతు ఫీజుకే పోతుంది. అప్పునే ఆదాయంగా చూపించి ఇంకో అప్పు అడిగానన్నమాట. అమెరికాలో బ్యాంకుకి తెలిసి తెలిసి తప్పుడు ఆదాయం రాయడం నేరం కూడాను. ఆ సంగతి తెలిశాక చాలా రోజులు కాలింగ్ బెల్లు మోగితే గుండె జారేది. వచ్చేది మాత్రం పిజ్జా కుర్రాడే.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. కుదరదన్నారు. రెండు కారణాలు రాశారు. ఖాతా మరీ కొత్తది, లిమిట్‌తో పోలిస్తే బాకీ ఎక్కువ. అప్పు కాదన్నప్పుడు కారణం చెప్పి తీరాలని అమెరికాలో చట్టం ఉంది, దాని ప్రకారం పంపారు. నిజానికి అంత చక్కటి ఉత్తరం నా జీవితంలో నాకెవరూ రాయలేదు. ఏం చెయ్యాలో రెండు ముక్కల్లో చెప్పారు, కొన్నాళ్లు ఆగు, తక్కువ వాడు అని. నేను దాన్ని సలహాగా చదవలేదు. పెళ్లిచూపుల వాళ్లు వద్దని పంపిన కబురులా చదివాను.

ఫోన్ తీశాను. నలభై నిమిషాలు మాట్లాడాను. అవతల ఎవరో ఆడమనిషి, ఎంతో ఓపికమంతురాలు. మా నాన్న వ్యాపారం గురించి, ఊళ్లో మాకున్న పేరు గురించి, మా వంశంలో బాకీ ఎగ్గొట్టిన దాఖలా లేకపోవడం గురించి, వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడకి చెప్పాను. అంతా విని, మీ నాన్నగారి గురించి తెలుసుకోవడం సంతోషంగా ఉంది సార్ అంది. ఆ తర్వాత, లిమిట్ ఇప్పుడే కావాలంటే ఒక దారుంది, ఇంకో 4,700 డాలర్లు డిపాజిట్ పంపండి అంది. అంత డబ్బే ఉంటే నీ కార్డెందుకు తల్లీ అని తెలుగులో గొణిగి పెట్టేశాను.

అక్కడితో ఆగితే ఈ వ్యాసం ఇంత పొడుగు ఉండేది కాదు. అడగందే అమ్మైనా పెట్టదని సామెత. జనవరి నెలాఖర్లో మళ్లీ అడిగాను. మళ్లీ అవే రెండు కారణాలతో ఉత్తరం. ఈసారి అర్జీ కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను. అడిగిన ప్రతిసారీ వీళ్లు బ్యూరోలో నా చరిత్ర తిరగేస్తారు, అది హార్డ్ ఎంక్వైరీగా నమోదవుతుంది. రిపోర్టులో రెండేళ్లు కనపడుతుంది, ఫికో లెక్కలో ఏడాది పాటు ఉంటుంది. కొన్ని కంపెనీలు లిమిట్ పెంచడానికి సాఫ్ట్ ఎంక్వైరీతో సరిపెడతాయి, దానివల్ల స్కోరుకి ఏమీ కాదు. ముందే అడిగితే ఏ రకమో చెప్తారు. ఆ నలభై నిమిషాల్లో నేను అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. అదొక్కటే అడగలేదు.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి, ఇక్కడ న్యాయం లేదని మొత్తుకున్నాను. అంతా విన్నాడు.

"ఎన్ని నెలలైంది కార్డు తీసుకుని?"

"నాలుగు కావస్తోంది నాన్నా."

"ఒక్క పంట కూడా గడవలేదు కదరా," అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. కొట్లోకి కొత్త కౌలు రైతు వస్తే నాన్న మొదటి పంటకి నాలుగు బస్తాలే ఇచ్చేవాడు. ఎంత బతిమాలినా నాలుగే. "ఒక పంట గడవనీ బాబాయ్" అనేవాడు. సార్వా కోతలయ్యాక ఆ నాలుగు బస్తాల బాకీ ఎలా వచ్చిందో చూసేవాడు. ధాన్యం అమ్మిన వారంలో తనంతట తాను వచ్చి కట్టాడా, గుమస్తాని పంపాల్సి వచ్చిందా, సగం కట్టి మిగతాది వాయిదా వేశాడా అని. బుద్ధిగా కట్టినవాడికి దాళ్వాకి అడక్కుండానే పది బస్తాలు బండెక్కేవి. పాత బాకీ ఉండగానే వచ్చి రెట్టింపు అడిగేవాడుంటాడే, అతను వెళ్లాక నాతో మెల్లగా అనేవాడు, "వీడికి ఇంకో కొట్లో కూడా బాకీ ఉందిరా. ఇక్కడ దొరక్కపోతే ఇంకోచోట అడుగుతాడు చూడు." అమెరికా లెక్కా అంతే. ఆర్నెల్లు నిండని ఖాతాకి ఫికో స్కోరే పుట్టదు. ఆర్నెల్లంటే ఒక పంట. ఎంక్వైరీలంటే ఆ రెండో కొట్టు. ఫెయిర్ అనే ఇంజనీరు, ఐజాక్ అనే గణితవేత్త కలిసి 1956లో కంపెనీ పెడితే, వాళ్ల ఫికో స్కోరు బజారులోకి వచ్చింది 1989లో. నాన్న కొట్టు తెరిచింది 1986లో.

మే నెలలో అపార్ట్‌మెంట్ మారాం. లీజుకి ముందు క్రెడిట్ చూశారు. నా పేరు పక్కన బొటాబొటి స్కోరు, అప్పుడే తయారైన 291 డాలర్ల బిల్లు, రెండు ఎంక్వైరీలు. అదనంగా ఒక నెల అద్దె డిపాజిట్ కట్టమన్నారు. ఎంక్వైరీలే కొంప ముంచాయని అనను, ఒక్కోదానికి తగ్గేవి కొద్ది పాయింట్లే. ముంచింది ఆ 291. చివరికి లీజు నిజామాబాద్ అతని పేరు మీద తీసుకున్నాం. అప్పుడు కూడా అతను ఏమీ అనలేదు.

ఆ తర్వాత సామాన్ల గీకుడు మానేశాను. ఫోను బిల్లు ఒక్కటే కార్డు మీద పెట్టాను. ఎప్పుడైనా ఎక్కువ వాడితే బిల్లు తయారు కావడానికి రెండు రోజుల ముందే కట్టేసి, పాతిక డాలర్లు మాత్రం మిగిల్చేవాణ్ణి. రెండు మూడు నెలల్లో స్కోరు తేరుకుంది. మామూలు ఫికో లెక్కలో ఈ వాడకం అంకెకి పాత జ్ఞాపకం ఉండదు, ఈ నెల తగ్గితే ఈ నెలే మంచివాడివి. మా నాన్న పుస్తకానికి ఆ ఔదార్యం లేదు.

ఏడాది నిండాక డిపాజిట్ వెనక్కిచ్చి, మామూలు కార్డుగా మార్చారు. అప్పుడే లిమిట్ అడగొచ్చు. బాకీ తక్కువ, ఖాతా పాతబడింది, ఒక్క బిల్లూ ఆలస్యం కాలేదు. పైగా చిన్న లిమిట్ ఉన్నవాడు నాలుగు డాలర్లు ఎక్కువ ఖర్చుపెట్టినా శాతం ఎగబాకుతుంది, పెంచుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. కానీ ఒకసారి కాలినవాణ్ణి కదా, భయపడి ఇంకో పది నెలలు నోరెత్తలేదు. తొందరపడ్డప్పుడు ఎంత మూర్ఖుణ్ణో, ఆగినప్పుడూ అంతే మూర్ఖుణ్ణి. 2015 ఆగస్టులో ఉద్యోగంలో చేరాక, మొదటి జీతం పడిన నెలలో అడిగాను. ముందు ఫోన్ చేసి ఏ ఎంక్వైరీ అని కనుక్కున్నాను. జీతం కాగితంలో ఉన్న అంకెనే రాశాను. 2,500 అడిగాను. నిమిషంలో ఇచ్చారు. అప్పటికి నాకు దాంతో అవసరమేమీ లేదు. కారు లోను, ఇంటి లోను లాంటివేవీ తలపెట్టని నెల చూసుకుని అడిగానన్న తెలివి మాత్రం నాది కాదు, కొనడానికి డబ్బుల్లేక అలా కుదిరింది.

మన దగ్గర వ్యవహారం తిరగబడి ఉంటుంది. మా చెల్లెలి ఫోనుకి బ్యాంకు నుంచి వారం వారం సందేశం, మీ లిమిట్ పెంచుతాం, సరేననండి అని. కార్డుదారు ఒప్పుకోకుండా పెంచకూడదని రిజర్వు బ్యాంకు నియమం కాబట్టి ఆ బతిమాలుడు. చెల్లెలు ఎప్పుడూ సరేననదు. ఆ ఖాతా పుస్తకం పక్కన మా ఇద్దరికీ ఒకే బల్ల వేసేవాడు నాన్న, వింటూ కూర్చుంది తనొక్కతే అనుకుంటాను.

ఆ ఉత్తరాలు రెండూ ఐ-20 ఫైలులోనే దాచాను. ఇది రాయడానికి మొన్న తీస్తే, వాటి వెనకాల 2013 నవంబరు నాటి సామాన్ల చిట్టా బయటపడింది. నలుగురి పేర్లూ, నలుగురి వాటాలూ, ఇచ్చినవాళ్ల పక్కన టిక్కూ ఉన్నాయి. ఒక పేరు పక్కన టిక్కు లేదు. ఆ మూడో రూమ్మేటు ఇది చదువుతుంటే, బాబూ, 41 డాలర్లు. వడ్డీ అక్కర్లేదు, నా నంబరు మారలేదు.